ఏడో లెవెల్లో బావి

ఉమాశ్రీ పంపిన మెయిల్ ఆఫీసులో అందరి కంప్యూటర్లలోకీ వెళ్ళిపోయిన చోట కిందటి వారం ఆగాం. మాదాపూర్‌లో గుండ్రటి హైటెక్ సిటీ భవనం కనపడేంత దూరంలో, ఒక ఇంటి పై అంతస్తులో నడిచే చిన్న కంపెనీ అది. లండన్‌లోని ఒక సంస్థ కోసం కంప్యూటర్ ఆట తయారు చేస్తున్నారు. కోటలు, సైన్యాలు, ముట్టడులు. ఆటలోని లెవెల్స్ రాసేది వెంకట్. వాటిని ఆడి చూసి, కొనుక్కున్న మనిషి దాటగలడో లేదో తేల్చేది అతని భార్య ఉమాశ్రీ. ఏడో లెవెల్ దగ్గర ఆమె నెల్లాళ్ళుగా ఓడిపోతూనే ఉంది. "పాస్ అని ఒక్క టిక్కు పెట్టెయ్, మిగతాది నేను చూసుకుంటా" అని స్కూటర్ మీద వస్తూ వెంకట్ అడిగాడు. ఆమె టిక్కు పెట్టలేదు. "ఏడో లెవెల్ ఎవరూ దాటలేరు" అని రాసి, యజమాని భాస్కర్‌తో సహా అందరికీ పంపించేసింది.

మెయిల్ చదివిన భాస్కర్ తన గదిలోంచి బయటికొచ్చాడు. కరీంనగర్ మనిషి, నలభై దాటాయి. ఈ కంపెనీ పెట్టడానికి మంచి సర్కారీ ఉద్యోగం వదిలేశాడని అందరికీ తెలుసు. మరిచిపోతారేమోనని ఆయనే గుర్తు చేస్తుంటాడు.

"ఏందమ్మా ఇది? ఎవ్వరూ దాటలేరని రాస్తివి. ఇయ్యాల సాయంత్రంకల్లా లండన్‌కు ఏడు లెవెల్స్ పంపాలె. గిట్ల ఆఖరి నిమిషంల చెప్తే నేనేం చెయ్యాలె?"

"ఆఖరి నిమిషంలో చెప్పలేదు సార్. ఓడిన మొదటి రోజు నుంచీ లెవెల్ రాసినవాళ్ళతో చెబుతూనే ఉన్నాను. తను సరిచేస్తానని, మీ దాకా తీసుకెళ్ళొద్దని వెంకట్ అన్నారు."

ఆఫీసులో తనని తప్ప అందరినీ పేరు పెట్టే పిలవాలన్నది భాస్కర్ పెట్టిన నియమం. మొగుణ్ణి పేరు పెట్టి పిలవడానికి ఉమాశ్రీకి మొదట్లో నోరే రాలేదు. ఇప్పుడు పేరు వస్తోంది గానీ దాని వెనకాల 'అన్నారు', 'చేశారు' మాత్రం వదలడం లేదు.

వెంకట్ తన కుర్చీలోంచి లేవలేదు. స్క్రీను మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"దాటలేకపోవడం వేరు, దాటడం రాకపోవడం వేరు సార్. లెవెల్లో ఏ లోపమూ లేదు. ఈవిడకి ఆడటం రాదు, అంతే."

గదిలో కీబోర్డుల చప్పుడు ఆగింది. ఎదుటి టేబుల్ దగ్గర బొమ్మలు గీసే వసంత తల వంచుకుని మానిటర్ వెనక్కి జరిగింది. మొగుడూ పెళ్ళాల మధ్య ఇరుక్కోవడం ఎవరికిష్టం?

ఉమాశ్రీ తన కుర్చీని ఒక్క తోపు తోసింది. అది చక్రాల మీద దొర్లుకుంటూ వెళ్ళి వెంకట్ మోకాలికి తగిలి ఆగింది.

"అయితే మీరే ఆడండి. అందరి ముందూ ఆడండి. గెలిస్తే, నాకు ఆడటం రాదని మళ్ళీ ఒక మెయిల్ నేనే పంపిస్తాను."

"ఇప్పుడు నాకు వేరే పనుంది..."

"ఆడు వెంకట్," అన్నాడు భాస్కర్. "ఏడో లెవెల్ కంటె పెద్ద పని ఏమున్నది నీకు?"

తప్పలేదు. వెంకట్ ఉమాశ్రీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తను రాసిన ఆటను ఆ కుర్చీలోంచి అతను చూడటం అదే మొదటిసారి.

ఏడో లెవెల్లో నల్లరాతి కొండ మీద ఒక కోట ఉంటుంది. కోట లోపల ఏముందో లోపలికి అడుగు పెట్టేదాకా కనపడదు, చీకటిగా ఉంటుంది. పడమర వైపు కింద నది, నది ఒడ్డున మన శిబిరం. అక్కడ ధాన్యం కోసం గాదె కట్టుకోవాలి. గాదె కట్టిన కాసేపటికల్లా కోట పడమటి దిడ్డి, అంటే గుర్రం పట్టేంత చిన్న తలుపు, తెరుచుకుని శత్రువుల గుర్రాలు దిగుతాయి, గాదె తగలబెడతాయి, మన వాళ్ళు తేరుకునేలోపు లోపలికి పోయి తలుపు వేసుకుంటాయి. గాదెకు కాపలా పెడితే ముట్టడికి మనుషులు చాలరు. ముట్టడికి పంపితే గాదె మిగలదు. గాదె లేకపోతే సైన్యానికి పొద్దుగూకే వరకే సత్తువ. ఆ తర్వాత ఒక్కొక్కడే కత్తి కింద పెట్టేసి కూలబడతాడు. వాళ్ళు అలా కూలబడటాన్ని ఉమాశ్రీ ఎన్నిసార్లు చూసిందంటే, ఇంట్లో అన్నం వార్చేటప్పుడు కూడా వాళ్ళే కళ్ళ ముందు మెదిలేవారు.

"చూడండి సార్," అన్నాడు వెంకట్, నలుగురూ చుట్టూ చేరేసరికి కాస్త హుషారు వచ్చి. "కోటకి నీళ్ళు ఈ కాలువలోంచి వెళతాయి. కాలువకి అడ్డంగా కట్ట వేస్తాం. లోపల నీళ్ళుండవు. దాహానికి తాళలేక వాళ్ళంతా తూర్పున ఉన్న పెద్ద వాకిలి తెరుచుకుని, కొండ చుట్టి నది దగ్గరికి దిగుతారు. అప్పుడు మనం లోపలికి పోతాం. ఇంతే. ఆలోచించాలి. ఊరికే కత్తులు తిప్పితే రాదు."

ఆ చివరి మాట ఎవరి కోసమో అందరికీ అర్థమైంది. ఉమాశ్రీ చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది. ఆ కట్ట ఆమె ఎన్నిసార్లు కట్టిందో అతనికి తెలుసు. తెలిసి కూడా ఆ మాట అన్నాడు.

వెంకట్ కట్ట కట్టాడు. గుర్రాలొచ్చి గాదె తగలబెట్టాయి. తూర్పు వాకిలి కదల్లేదు. పొద్దుగూకింది, సైన్యం కూలబడింది. స్క్రీను మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి.

"మౌస్ పట్టేస్తోంది," అని దాన్ని తిరగేసి, అడుగున బంతి తీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ పెట్టాడు.

రెండోసారి మొదలుపెట్టగానే బయట ఈల మోగింది. వెనక స్థలంలో కొత్త భవనం కోసం బండలు పేలుస్తున్నారు. ఈల వినగానే అందరూ అలవాటుగా టీ గ్లాసులు చేత్తో పట్టుకున్నారు. ధన్‌మని పేలింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి, మానిటర్లో కోట ఒక్కసారి వణికి నిలబడింది. బయట ఎర్రదుమ్ము లేచింది.

"పేలుడు వల్ల ఏకాగ్రత పోయింది," అన్నాడు వెంకట్, రెండోసారి ఓడిపోయాక.

"ఆ పేలుళ్ళు రోజూ ఉంటాయి. నేను కూడా వాటిల్లోనే ఆడాను," అంది ఉమాశ్రీ.

మూడో ఆట నడుస్తుండగా ఫోన్ మోగింది. ఆఫీసుకి ఉన్నదే ఒక్క లైను. లండన్ వాళ్ళేమోనని భాస్కర్ పరుగున వెళ్ళి ఎత్తాడు. ఎత్తి, మొహం అదోలా పెట్టి, ఉమాశ్రీ వైపు చాపాడు.

"మీ అత్తమ్మ."

"అమ్మాయ్, పెద్ద కుక్కర్ రబ్బరు ఎక్కడ పెట్టావే?" పుణ్యవతి గొంతు రిసీవర్ దాటి గదంతా వినపడింది. పాలకొల్లులో పుట్టి పెరిగిన మనిషి, ఫోన్ ఉన్నా గట్టిగా అరవకపోతే మాదాపూర్ దాకా మాట చేరదని ఆవిడ నమ్మకం.

"ఫ్రిజ్ మీద గిన్నెలో ఉందండీ. పనిలో ఉన్నాం అత్తయ్యా, తర్వాత చేస్తాను."

"ఏం పనే! ఆటే కదా ఆడుతున్నావు. కాసేపు ఆపితే ఏం పోయింది?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఉమాశ్రీ కళ్ళు మూసుకుని, తెరిచి, రిసీవర్ నెమ్మదిగా పెట్టేసింది. విసిరికొట్టాలనిపించింది. అది కంపెనీ ఫోను.

తిరిగి వచ్చేసరికి మూడో ఆట ఇంకా నడుస్తోంది. ఈసారి వెంకట్ సైన్యం మొత్తాన్నీ గాదె చుట్టూ నిలబెట్టాడు. గాదె నిలిచింది. కట్ట నిలిచింది. కోటకి చుక్క నీరు పోవడం లేదు. ఆటలో రోజులు గడిచిపోతున్నాయి, సూర్యుడు వస్తున్నాడు, పోతున్నాడు. తూర్పు వాకిలి మాత్రం మూసింది మూసినట్టే ఉంది. లోపలున్న వాళ్ళకి దాహం అనేదే లేనట్టుంది. చివరికి వానాకాలం వచ్చి, నది పొంగి, శిబిరాన్ని ముంచేసింది. మళ్ళీ ఎర్ర అక్షరాలు.

"నా మెషీన్‌లో తెరుచుకుంటుంది సార్," అన్నాడు వెంకట్. గొంతులో ఇందాకటి హుషారు లేదు. "ఒట్టు. నేను ఆడి చూశాను. తెరుచుకుంది."

"అయితే నీ మెషీన్‌నే పార్సిల్ కట్టి లండన్ పంపాల్నా?" భాస్కర్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఏందయ్యా నీతోని పరేషాన్! నీ దగ్గర తెరుచుకునే తలుపు ఈడ ఎందుకు తెరుచుకోదు?"

 అప్పుడు వసంత మానిటర్ పక్క నుంచి తల బయటపెట్టింది. సిద్దిపేట పిల్ల. నానక్‌రామ్‌గూడలో మేనమామ ఇంట్లో ఉంటూ రోజూ ఏడు సీట్ల ఆటోలో వస్తుంది. ఆటలోని ప్రతి చెట్టూ, ప్రతి రాయీ ఆమె గీసినవే.

"సార్... ఆళ్ళకు దూప కాదు గద సార్."

"ఎందుకు కాదు? కాలువ ఆపేశాంగా!" అన్నాడు వెంకట్ చిరాగ్గా.

"లోపట బావి ఉన్నది గద."

"ఏ బావి?"

"కోట నడిమిట్ల బావి. మీరే గద ఎయ్యమన్నది? లండన్‌ వాళ్ళు నడిమిట్ల బోసిగున్నది అన్నరని, ఏదన్న ఒకటి ఎయ్యి, బావో గివో అన్నరు. నేను మంచిగ గిలక, చేంతాడు అన్ని పెట్టి ఏసిన."

వెంకట్ మొహంలో రంగు మారింది.

అతనికి గుర్తొచ్చింది. బావి పక్కన నిలబడ్డ వాళ్ళకి దాహం వేయదన్న నియమం తనే రాశాడు. మూడో లెవెల్లో ఊళ్ళ కోసం రాసిన నియమం, ఆట మొత్తానికీ వర్తిస్తుంది. కోటలో బావి అందం కోసం పెట్టించాడు. తను ఆడి చూసుకున్నది బావి లేని పాత కోటను. బావి వచ్చాక ఒక్కసారి కూడా ఆడలేదు. ఆడే పని ఉమాశ్రీది కదా అనుకున్నాడు.

నెల రోజులు. ఉమాశ్రీకి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. లోపల నిండా నీళ్ళు పెట్టుకుని కూర్చున్న వాళ్ళని దాహంతో చంపాలని నెల రోజులు కట్టలు కట్టింది. ప్రతి సాయంత్రం స్కూటర్ వెనక కూర్చుని, 'నీకు ఆలోచన తక్కువ, తొందరెక్కువ' అని ఇంటిదాకా వినుకుంటూ వెళ్ళింది.

"రెండు నిమిషాల పని," అన్నాడు వెంకట్ లేస్తూ. "బావి తీసేస్తే సరి."

"కూసో," అన్నాడు భాస్కర్. "బొమ్మలన్ని వాళ్ళు చూసి ఒప్పుకున్నరు. ఇప్పుడు ఒక్క రాయి కదిలించినా మళ్ళ మొదటికెల్లి చూస్తమంటరు. మనమీద నమ్మకం ఇప్పటికే జరంతనే ఉన్నది. ఇయ్యాల్టి గడువు తప్పితే మిగిలిన లెవెల్స్ ఇంకెవరికన్నా ఇస్తరు. ఇంతమందిమి ఏం చెయ్యాలె, ఇగ ఇంటికి పోవాల్నా?"

"పోనీ, బావి ఉన్నా దాహం వేసేలా రాస్తాను."

"అప్పుడు మూడో లెవెల్లో ఊళ్ళన్నీ చస్తాయి," అంది ఉమాశ్రీ. "ఒక్క నియమం మారిస్తే అన్ని లెవెల్సూ మొదటి నుంచి ఆడి చూడాలి. సాయంత్రంలోపు నావల్ల కాదు."

"మరి ఏం చేద్దామంటావు?" వెంకట్ ఆమె మీద విరుచుకుపడ్డాడు. "మెయిళ్ళు పంపడం కాదు, దారి చెప్పు!"

ఉమాశ్రీ స్క్రీను వైపు చూసింది. బావి ఉంది. అంటే తూర్పు వాకిలి నీళ్ళ కోసం ఎప్పటికీ తెరుచుకోదు. కట్ట దండగ. మరి వాళ్ళు దేనికి బయటికొస్తారు?

ఒక్కదానికే. గాదె తగలబెట్టడానికి.

నెల రోజులుగా గాదెని కాపాడుకోవడమే ఆమె పని అయిపోయింది. గుర్రాలు ఏ క్షణంలో దిగుతాయో, ఎలా తిరుగుతాయో ఆమెకి కంఠతా వచ్చేసింది. శిబిరంలో గాదెని ఎంత జరిపినా అవి పడమటి దిడ్డిలోంచే వచ్చేవి. గాదెకి దగ్గరగా ఉన్న తలుపు అదే కాబట్టి. తూర్పు వైపు గాదె కట్టాలని ఎవరికీ తోచదు. అటు అంతా బండలు, నీళ్ళు లేవు, శిబిరం లేదు.

"లేవండి," అంది.

వెంకట్ లేచాడు. ఉమాశ్రీ కూర్చుని ఆట మళ్ళీ మొదలుపెట్టింది. ముందు కాలువ దగ్గర ఉన్న మనుషుల్ని వెనక్కి పిలిచింది. తర్వాత, చూస్తున్న వాళ్ళు నివ్వెరపోయేలా, శిబిరంలో ఉన్న గాదెని తన చేతులతోనే కూల్చేసింది.

"ఏం చేస్తున్నావు!" అన్నాడు వెంకట్. "సాయంత్రానికి అందరూ పడిపోతారు!"

ఆమె మౌస్ తూర్పుకి జరిపింది. తూర్పు వాకిలికి ఎదురుగా, బండల మధ్య ఉన్న కాస్త చదును మీద కొత్త గాదె కట్టించింది. ఖాళీ గాదె. అందులో గింజ లేదు. సైన్యాన్నంతటినీ కొండ చుట్టూ తిప్పి, వాకిలికి రెండు వైపులా బండల వెనక ఆపింది. గాదె దగ్గర ఒక్క మనిషిని కూడా పెట్టలేదు.

ఆటలో పొద్దు వాలుతోంది. సైనికుల నడక అప్పుడే మందగించింది. ఒకడు కూలబడ్డాడు. ఇంకొకడు.

"రావు," అన్నాడు వెంకట్ పళ్ళ బిగువున. "ఆ వాకిలి దాడి కోసం..."

వాకిలి తెరుచుకుంది.

రెండు రెక్కలూ బార్లా తెరుచుకుని గుర్రాలు బిలబిలమంటూ దిగాయి. ఖాళీ గాదె భగ్గున అంటుకుంది. గుర్రాలు ఇంకా మంట చుట్టూ తిరుగుతుండగానే బండల వెనక నుంచి ఉమాశ్రీ సైన్యం లేచింది. సగం మంది నడవలేక నడుస్తున్నారు. మొదటి వాడు గడప దాటాడు. దాటగానే లోపలి చీకటి విచ్చుకుంది. కోట మధ్యలో, ఎర్రటి పొద్దులో, గిలకా చేంతాడూ ఉన్న చక్కని బావి కనిపించింది.

"అగో నా బావి!" అని వసంత చప్పట్లు కొట్టింది.

బురుజు మీద జెండా మారింది. స్క్రీను మీద నెల రోజులుగా ఎవరూ చూడని పచ్చ అక్షరాలు పడ్డాయి. గదంతా ఒక్కసారి కేక పెట్టింది. భాస్కర్ "అరె వా!" అంటూ ఎవరి వీపో చరిచాడు. ఉమాశ్రీ మౌస్ మీంచి చెయ్యి తీసింది.  వెనక్కి తిరిగి మొదట వెంకట్ మొహం చూసింది. కనీసం ఒక చిరునవ్వయినా ఉంటుందనుకుంది.

"ఇది గెలుపు కాదు," అన్నాడు వెంకట్.

కేకలు ఆగిపోయాయి.

"ఇది దొంగదారి. నేను ఈ లెవెల్ ఇలా గెలవాలని రాయలేదు. ఖాళీ గాదె కట్టనివ్వడమే నా పొరపాటు. ఆ కన్నం ఇప్పుడే మూసేస్తాను."

ఉమాశ్రీ లేచి నిలబడింది. ఆమెకి మాటలు వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు.

"కన్నమా? నెల రోజులు నాకు ఆట రాదన్నావు. బుర్ర లేదన్నావు. టిక్కు పెట్టమన్నావు. బావి నువ్వు తవ్వించావు, నువ్వే మర్చిపోయావు. నువ్వు ఓడిపోయిన చోట నేను గెలిస్తే దొంగదారా? నువ్వు ఓడిపోయావు వెంకట్. ఒప్పుకుంటే నీ సొమ్మేం పోతుంది?"

అన్నాక గానీ తను ఏమందో ఆమెకే తెలియలేదు. పెళ్ళయ్యాక అతన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. పదిమందిలో. వసంత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

 వెంకట్ కుర్చీకి తగిలించిన సంచీ తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

భాస్కర్ తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుని లండన్‌కి ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. ఉమాశ్రీ కుర్చీలో కూర్చుని పచ్చ అక్షరాల వైపు చూస్తూ ఉండిపోయింది. అనాల్సిందే, అనుకుంది. అందరి ముందూ అనకుండా ఉండాల్సింది, అనీ అనుకుంది. రెండూ నిజమే అనిపించడంతో మరీ చికాకేసింది.

భాస్కర్ తలుపు తీసుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, వాళ్ళకు మస్తు నచ్చింది! ఎర వేసి కోట తీసుకునుడు మంచిగున్నదట. గదే ఉంచుమన్నరు. ఎవరు కనుక్కున్నరని అడిగితే నీ పేరు చెప్పిన. ఎనిమిదో లెవెల్ ఆమెతోనే రాయించుమన్నరు."

"నాతోనా?"

"నీతోనే. వెంకట్ ఆడి చూస్తడు. జర సేపట్ల మళ్ళ ఫోన్ చేస్తరు, నీతోని మాట్లాడతరంట. పో, వెంకట్‌ను గూడ పిలుచుకరా. కోపంల ఏడికి పోయిండో."

ఉమాశ్రీ మెట్లు దిగింది. ఒక్కో మెట్టుకీ సంతోషం కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. నీ పని నాకిచ్చారు, నా పని నీకిచ్చారు అని ఇంతటి కోపంలో ఉన్న మనిషికి ఎలా చెప్పడం?

వెంకట్ గేటు బయట, టీ బండి పక్కన, స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో గ్లాసులో టీ చల్లారిపోయి మీగడ కట్టింది. అతను కోపంగా లేడు. అదే ఆమెకి వింతగా అనిపించింది.

"అందరి ముందూ అలా అనాల్సింది కాదండీ," అంది. 'మీరు' దానంతటదే వెనక్కి వచ్చేసింది.

"అన్నది నిజమేగా." వెంకట్ గ్లాసులోకి చూశాడు. "ఉమా, నీకో సంగతి చెప్పాలి. బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. బ్యాంకు సాఫ్ట్‌వేర్. వచ్చే నెల చేరాలి."

వెనక స్థలంలో మిషను బండకి బెజ్జాలు వేస్తోంది. ఆ చప్పుడులో సరిగా వినలేదేమో అనుకుంది.

"ఎప్పుడొచ్చింది?"

"దసరా ముందు."

"దసరా ముందా! కార్తీకం కూడా అయిపోవస్తోంది. ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఏడో లెవెల్ పాస్ అయ్యాక చెబుదామనుకున్నాను. చేతగాక పారిపోయాడని ఎవరూ అనకుండా మంచిగా బయటపడాలనుకున్నాను. నువ్వేమో టిక్కు పెట్టవు." అతని గొంతు అలిసిపోయి ఉంది. "నాకు విసుగొచ్చేసింది ఉమా. పెళ్ళిళ్ళలో ఏం చేస్తున్నావురా అని అడిగితే ఆటలు రాస్తున్నానని చెప్పలేక చస్తున్నాను. ఇక్కడ చూస్తే, నేను రాసిన ప్రతిదాన్లోనూ నువ్వు తప్పు పడతావు. పొద్దున కాఫీ ఇచ్చిన చెయ్యే మధ్యాహ్నానికి తప్పులు రాసి పంపిస్తుంది. సాయంత్రం మళ్ళీ నా స్కూటర్ వెనకాలే ఎక్కుతావు. ఎక్కడికని పోను?"

ఆ మాటకి ఆమె మనసు ఒక్క క్షణం మెత్తబడింది. ఇన్నాళ్ళూ అతని సణుగుడు కోపమనుకుంది. దాని వెనక ఇంత అలసట ఉందని అనుకోలేదు. పక్కన నిలబడి ఏదో అనబోయి, ఆగింది. ఇంకొకటి అడగాల్సింది ఉంది.

"భాస్కర్ సార్‌కి తెలుసా?"

"ఇంకా లేదు."

"అత్తయ్యకి?"

వెంకట్ గ్లాసు బండి మీద పెట్టాడు. "తెలుసు. ఇల్లు ఖాళీ చేస్తామని ఓనర్‌కి కూడా చెప్పేసింది."

"మరి నా ఉద్యోగం?"

"కుటుంబంతో వస్తే క్వార్టర్స్ ఇస్తామన్నారు. అందుకని... నువ్వు ఇక్కడ మానేస్తున్నావని వాళ్ళకి చెప్పాను. అక్కడ నీకూ ఏదో ఒకటి చూద్దాంలే."

ఉమాశ్రీ అతని వైపే చూస్తూ నిలబడింది. మెత్తబడిన మనసు మళ్ళీ బిగుసుకుంది.

"అంటే నేను ఉద్యోగం మానేస్తున్నానని బెంగుళూరు వాళ్ళకి తెలుసు. అత్తయ్యకి తెలుసు. ఇంటి ఓనర్‌కి తెలుసు. నాకొక్కదానికే తెలీదు."

"అది కాదు ఉమా..."

"ఉమా! వెంకట్!" పైన బాల్కనీలోంచి భాస్కర్ సగం బయటికి వంగి చేతులు ఊపుతున్నాడు. "లండన్ లైన్‌ల ఉన్నరు! జల్దీ రాండ్రి!"

ఉమాశ్రీ ముందు, వెంకట్ వెనక మెట్లెక్కారు. "ఏం ఫోన్? ఎందుకు?" అని అతను రెండుసార్లు అడిగాడు. ఆమె పైకి ఎక్కుతూనే ఉంది. భాస్కర్ రిసీవర్ ఆమె చేతికిచ్చాడు. గదిలో అందరూ పనులు మానేసి చూస్తున్నారు. అటు నుంచి ఒక పెద్దాయన ఇంగ్లీషులో, నిదానంగా, ఒక్కో మాటా విడదీసి అడిగాడు. ఎనిమిదో లెవెల్ మీరు రాస్తారా? వచ్చే వేసవిదాకా పని ఉంటుంది, మధ్యలో వదిలేయకూడదు, మాట ఇవ్వగలరా?

గుమ్మం దగ్గర వెంకట్‌కి విషయం అర్థమైంది. ఆమె కళ్ళలోకి చూస్తూ, ఎవరికీ కనపడకుండా, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"రాస్తాను," అంది ఉమాశ్రీ ఇంగ్లీషులో. "మాట ఇస్తున్నాను."

రిసీవర్ పెట్టేసరికి చప్పట్లు మోగాయి. వసంత పరుగున వచ్చి ఆమెని వాటేసుకుంది. స్వీట్లు తెప్పిస్తానంటూ భాస్కర్ జేబు తడుముకున్నాడు.

"ఒక్క నిమిషం సార్," అంది ఉమాశ్రీ.  "స్వీట్లు తర్వాత. ఈయన మీకో సంగతి చెప్పాలి. దసరా ముందు నుంచీ చెప్పాలనుకుంటున్నారట."

 భాస్కర్ జేబులోంచి చెయ్యి తీయకుండానే వెంకట్ వైపు తిరిగాడు.

"ఏంది వెంకట్? ఏం సంగతి?"

వెంకట్ ఉమాశ్రీ వైపు చూశాడు. ఆమె తన కుర్చీ లాక్కుని, అతనికి ఎదురుగా వేసుకుని, కూర్చుంది.

"చెప్పండి," అంది. "నేనూ వినాలి. అందులో నా సంగతి కూడా ఉందిగా."